చిలికే చోటికే వచ్చిన స్వామి

ఫస్ట్ షిఫ్టుకు మనిషిని పంపాల్సిన ఇంట్లో దేవుడి అర్రలో కూర్చునే తీరిక ఎక్కడిది? మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి వైపు అక్కచెల్లెళ్లు అనే మాట ఇది. ఏడింటికల్లా మనిషి గని దగ్గరుండాలంటే చీకటితోనే పొయ్యి వెలగాలి మరి.

భాగవతం దశమ స్కంధంలో యశోదకూ ఆ పొద్దు తీరిక లేదు. పనివాళ్లు వేరే పనుల్లో ఉంటే తానే కవ్వం తాడు పట్టింది. కొడుకు చేష్టలు పాడుకుంటూ చిలుకుతోంది. ముఖాన చెమట, కొప్పులోంచి రాలుతున్న పూలు. అప్పుడొచ్చాడు కన్నయ్య. పని అయ్యేదాకా ఆగలేదు, వచ్చి కవ్వమే పట్టుకున్నాడు.

ఒళ్లోకి తీసుకుని పాలిస్తుంటే పొయ్యి మీద పాలు పొంగాయి. బిడ్డను దించి ఉరికింది. దేవుణ్ణి వదిలి పాలకోసం పోయిందని తప్పుపట్టేవాళ్లుంటారు. నాకు ఆమెలో తప్పు కనిపించదు. ఆ పాలు మాత్రం ఎవరికోసం? తర్వాత కుండ పగిలింది, వెన్న కోతి పాలైంది. రోటికి కట్టబోతే తాడు ఎన్నిసార్లు ముడేసినా రెండంగుళాలు తక్కువే. చివరికి తల్లి అలసట చూడలేక తానే కట్టుబడ్డాడు, దామోదరుడయ్యాడు.

సల్ల చిలకడంలో బలం కన్నా ధ్యాస ముఖ్యం. చిలికే కొద్దీ వెన్న కణాల మీది పలుచని పొర చితికి, అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. వేడి ఎక్కువైతే ముద్ద కట్టదు, చల్లన మరీ ఎక్కువైనా కట్టదు. అందుకే మన ఎండాకాలంలో తెల్లవారకముందే చిలికి చన్నీళ్లు పోస్తారు, చలికాలంలో గోరువెచ్చనివి. చేయి తాడు మీద, చెవి కవ్వం చప్పుడు మీద. దీన్ని ధ్యానం అనడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

వెన్న పడగానే మొదటి ముద్ద పక్కన కాచుకున్న పిల్లల అరచేతిలోకి పోతుంది. సల్ల అమ్మొద్దనేవారు పెద్దలు, అడిగినవాళ్లకు ఊరికే పోసేవారు. సల్లకొచ్చి ముంత దాచుడెందుకనే సామెత ఆ వాకిళ్లలో పుట్టిందే. దీపం పెట్టినంక మాత్రం పాడి గడప దాటనిచ్చేవారు కాదు, లక్ష్మి వెళ్లిపోతుందని.

కార్తీకంలో గూడెం గుట్టెక్కి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకుందురు గాని, అందాకా ఆగకండి. రేపు కవ్వం పట్టినా, మిక్సీ తిప్పినా స్వామిని పాడుకోండి. పిల్లలొచ్చి కొంగు లాగితే విసుక్కోకుండా ఇంత వెన్న పెట్టండి. అర్రలో దీపం, మనిషి డ్యూటీకి పోయాక పెట్టుకోవచ్చు.