రెండో బాణం



మన పిల్లలు ఇప్పుడు బాక్సింగ్, జూడో, కుస్తీ, తైక్వాండో నేర్చుకుంటున్నారు. సంతోషమే. కానీ వాళ్ల మనసులో ఒక భయం ఉంటుంది, బయటికి చెప్పరు: "దెబ్బ తగిలితే నా గతేంటి?" ఆటతో హాస్టల్ సీటు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ముడిపడి ఉన్న ఇంట్లో ఈ భయం ఇంకా ఎక్కువ. మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయితే, మళ్లీ బరిలోకి దిగడానికి సాధారణంగా తొమ్మిది నెలలైనా పడుతుంది. కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. మరి అలా భయపడడం పిరికితనమా?

సల్లత్త సుత్తంలో బుద్ధుడు రెండు బాణాల పోలిక చెప్పాడు. మొదటి బాణం శరీరానికి తగిలే నొప్పి. అది జ్ఞానికైనా తప్పదు. ఆ నొప్పిని తలచుకుని కుమిలిపోయేవాడికి రెండో బాణం మనసులో దిగుతుంది. మన పిల్లలకైతే మొదటిది తగలకముందే రెండోది దిగుతోంది.

జాగ్రత్త వేరు, దిగులు వేరు. జూడోలో ఎదుటివాణ్ని పడగొట్టడం కన్నా ముందు, దెబ్బ తగలకుండా పడడం నేర్పుతారు. అది జాగ్రత్త. బుద్ధుడు చెప్పిన అప్పమాదం, అంటే ఏమరుపాటు లేకపోవడం, ఇదే. దిగులు మాత్రం నిద్ర చెడగొడుతుంది, నొప్పిని కోచ్‌కి చెప్పకుండా దాచమంటుంది. దాచిన చిన్న దెబ్బే పెద్దదవుతుంది.

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో చాలాకాలం బాక్సింగ్‌కు దూరమయ్యారు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. అందరూ అలా తిరిగి రాలేకపోవచ్చు. రాకపోయినా ఆ బిడ్డ విలువ తగ్గదు.

దెబ్బ తగిలితే "మన ఖర్మ" అనకండి. పూర్వజన్మ కర్మ వాదాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. కారణం వెతకండి. విశ్రాంతి చాలలేదా? బరువు తగ్గడానికి పస్తులున్నాడా? పాత దెబ్బ మానకముందే ఆడించారా? కారణం తెలిస్తే సరిచేసుకోవచ్చు.

ఇంకో మాట. రెండో బాణం ప్రతిసారీ పిల్లలే గుచ్చుకోరు, మనమూ వేస్తాం. "ఇంత చిన్న దెబ్బకేనా?" అనే కోచ్, "పతకం రాకపోతే పెట్టిన ఖర్చంతా దండగ" అనే నాన్న వేసేది ఆ బాణమే. పోటీ నుంచి బిడ్డ ఇంటికొస్తే "గెలిచావా?" అనే ముందు "ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని అడుగుదాం. నిజం చెప్పినా తిట్టరని తెలిస్తే, ఏ బిడ్డా నొప్పి దాచుకోదు.