ఆయుధం ఒక అమానత్

ఒక వ్యక్తి మస్జిద్‌లో బాణాలు పంచుతున్నాడు. వాటిని అమ్మడం లేదు, దానంగా ఇస్తున్నాడు. అతని సంకల్పం మంచిది, పని మంచిది, స్థలం పవిత్రమైనది. అయినా దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) అతనికి ఒక ఆదేశం ఇచ్చారు. జనం మధ్యకు బాణాలు తెచ్చినప్పుడు వాటి మొనలను చేత్తో పట్టుకుని నడవాలన్నదే ఆ ఆదేశం. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

పాఠకులారా! ఆ వ్యక్తి ఎవరినీ గాయపరచలేదు. గాయపరచాలన్న తలంపు కూడా అతనికి లేదు. అయినా గాయం కాకముందే ఆదేశం వచ్చింది. ఎందుకంటే మంచి సంకల్పం బాణపు మొన పదును తగ్గించదు.

నేటి బాణం

నేడు బాణాలు లేవు, పిస్టళ్ళు ఉన్నాయి. అమెరికాలో సామాన్య పౌరులు ఎందరో ఆత్మరక్షణ కోసం చొక్కా కింద పిస్టల్ పెట్టుకుని బజారుకు వెళతారు. ఇంటి బయట ఆయుధం ధరించడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని 2022లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో అక్కడ నివసిస్తున్నారు కనుక ఈ విషయం మనకు మరీ దూరమైనది కాదు.

ఆ పిస్టళ్ళలో చాలావాటికి బొటనవేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు. 1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గ్లాక్ పిస్టల్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దాని లోపల మూడు రక్షణ ఏర్పాట్లు ఉన్నాయి. ట్రిగ్గర్ నొక్కితే అవి వరుసగా తొలగిపోతాయి, వదిలితే తిరిగి పడతాయి. ఆ ఏర్పాట్లు సరిగా ఉన్నంతవరకు చేయి జారి కింద పడినా పిస్టల్ పేలదు. అయితే ట్రిగ్గర్‌ను నొక్కినది యజమాని వేలా, చొక్కా అంచా, జేబులోని తాళంచెవా అన్నది దానికి తెలియదు. ఏది నొక్కినా అది పేలుతుంది.

ఇలాంటి ఆయుధంలో గుండు నింపి జనం మధ్య తిరిగే మనిషి, ప్రమాదం జరిగిన రోజున “నేను కావాలని చేయలేదు, అదే పేలింది” అని తప్పించుకోగలడా?

రెండు సంఘటనలు

2008 నవంబరులో ప్లాక్సికో బరెస్ అనే ప్రసిద్ధ అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు న్యూయార్కులోని ఒక నైట్‌క్లబ్‌కు వెళ్ళాడు. గ్లాక్ పిస్టల్‌ను ఒర లేకుండా ప్యాంటు నడుము దగ్గర దోపుకున్నాడు. అది జారింది, పేలింది, గుండు అతని తొడలోనే దిగింది. ఆ నగరంలో ఆయుధం ధరించడానికి అతనికి అనుమతి కూడా లేదు. 2009లో రెండేళ్ళ జైలుశిక్ష పడింది.

2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ఒక తల్లి రెండేళ్ళ కొడుకుతో దుకాణానికి వెళ్ళింది. పిస్టల్‌ను చేతిసంచిలో పెట్టుకుంది. అనుమతి ఉంది, ఆయుధ వినియోగం తెలుసు. ఆ బిడ్డ సంచిలో చేయి పెట్టాడు. తల్లి అక్కడికక్కడే మరణించింది.

మన దేశంలోనూ 2024 అక్టోబరు 1న హిందీ నటుడు గోవిందా సొంత లైసెన్సు రివాల్వర్ పేలి ఆయన కాలికి గాయమైంది. రివాల్వర్లకు కూడా సాధారణంగా సేఫ్టీ మీట ఉండదు.

పొరపాటు వేరు, నిర్లక్ష్యం వేరు

పొరపాటున జరిగిన హత్యను దివ్యఖుర్ఆన్ ఉద్దేశపూర్వకమైన హత్యతో సమానం చేయలేదు. అయితే ఊరికే వదిలిపెట్టనూ లేదు. అన్నిసా సూరా 92వ ఆయతు ప్రకారం, మృతుని వారసులు మాఫీ చేస్తే తప్ప వారికి రక్తపరిహారం చెల్లించాలి. ఒక బానిసను విడుదల చేయాలి. ఆ స్తోమత లేకపోతే రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలు పాటించాలి. పోయిన ప్రాణం విలువ, చంపినవాడి ఉద్దేశాన్ని బట్టి తగ్గిపోదు.

‘ఖతా’ అంటే పొరపాటుకు ఫిఖహ్ పండితులు ఇచ్చే ప్రసిద్ధ ఉదాహరణ వేటగాడిది. జంతువు మీద వేసిన బాణం మనిషికి తగిలింది. అతను తగిన ఇహ్తియాత్ పాటించి ఉంటే అది పొరపాటే. కాని ఒర లేకుండా గుండు నింపిన పిస్టల్ దోపుకున్నవాడి సంగతి అలాంటిది కాదు. అతను ప్రమాదానికి తలుపు తీసిపెట్టాడు. దాని పేరు గఫ్‌లత్, నిర్లక్ష్యం.

‘అంత భయమైతే మీట ఉన్న పిస్టలే కొనుక్కోవచ్చు కదా?’ అని కొందరు అడుగుతారు. దీనికి ఎదుటివారి వాదన కూడా న్యాయంగా వినాలి. ప్రాణాపాయ సమయంలో వణికే చేతికి మీట తీయడం గుర్తురాకపోవచ్చు. మీట ఉందన్న ధీమా మనిషిని అజాగ్రత్త వైపు నెట్టవచ్చు. ఈ వాదనలో బలం లేకపోలేదు. అయితే దాన్ని ఒప్పుకున్నవాడు మరో మాట కూడా ఒప్పుకోవాలి. ఆయుధానికి మీట లేకపోతే ఆ మీట పని అతని అలవాట్లే చేయాలి.

ఒర తప్పనిసరి

ఒర లేని కత్తిని ఒకరికొకరు అందించుకోవడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించినట్లు అబూదావూద్, తిర్మిజీ హదీసుల్లో ఉంది. పిస్టల్ విషయంలో కూడా ఇదే మొదటి పాఠం. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర ఉండాలి. తిరిగి ఒరలో పెట్టేటప్పుడు బట్టలు తొలగించి, కళ్ళతో చూస్తూ, నెమ్మదిగా పెట్టాలి. జారిపోతున్న పిస్టల్‌ను గాలిలో పట్టుకోబోకూడదు. పట్టుకోబోయే వేలే ట్రిగ్గర్‌ను నొక్కవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో దానికి తాళం వేయాలి. ఐడహో తల్లికి జరిగింది మరువకూడదు.

సోదరుని వైపు ఆయుధం చూపవద్దని, షైతాన్ అతని చేతిని కదిలించవచ్చని, అప్పుడతను నరకగుండంలో పడతాడని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు హెచ్చరిస్తుంది. ఆధునిక శిక్షకుడు జెఫ్ కూపర్ ప్రచారం చేసిన నియమాల సారాంశం కూడా దాదాపు ఇదే. ప్రతి తుపాకీలో గుండు ఉన్నట్లే భావించాలి. నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేవరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఇది నాకు నిజంగా అవసరమా? ఆ దేశపు చట్టం అనుమతించిందా? చట్టం హక్కు ఇచ్చినంత మాత్రాన దానికి తగిన శ్రద్ధ మనలో ఉందని అర్థం కాదు. ఆ శ్రద్ధ రోజూ పాటించలేనివాడు ఆయుధాన్ని ఇంటికి తేకపోవడమే మేలు.

ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నది మన తవక్కుల్. కట్టకుండా వదిలేసి విధిని నిందించడం విశ్వాసి లక్షణం కాదు. చేతిలో ఉన్న ప్రతి శక్తీ ఒక అమానతే. దాని గురించి ప్రళయదినాన ప్రశ్న ఉంటుంది. తోటివారి ప్రాణాల పట్ల జాగరూకతను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.