ఏ క్రైస్తవులండీ?

పోయిన వారం వన్ టౌన్‌లో మా ఇంటికి ఒకావిడ మా అమ్మాయికి సంబంధం తెచ్చింది. అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం, చెడు అలవాట్లు లేవు, ఆదివారం పూజ తప్పడు. అన్నీ విని మురిసిపోయి, కాఫీ అందిస్తూ నేనడిగిందేమిటో తెలుసా? "ఇంతకీ వాళ్లు ఏ క్రైస్తవులండీ?"

ఆర్.సి.యా, లూథరనా అని కాదు నా ప్రశ్న. మన జిల్లాల్లో ఎవరికైనా అర్థమవుతుంది. ఎన్ని తరాల బాప్తిస్మం నీళ్లు పడ్డా ఆ మరక వదల్లేదు మాకు.

"కనుక్కుని చెబుతానండీ" అని ఆవిడ వెళ్లిపోయింది.

మా అమ్మాయి గుమ్మంలోనే ఉంది. "తలంపులో, మాటలో, క్రియలో పాపం చేశానని పూజలో గుండె మీద కొట్టుకుంటావుగా, ఇది దేని కిందకొస్తుందమ్మా?" అంది. నోర్ముయ్యమన్నాను. జవాబు లేనప్పుడు తల్లులనే మాట అదేగా!

ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి వెళతాను. 1924లో ఫాదర్ అర్లాటి ప్రతిష్ఠించిన ఆ మాతకు హిందువులూ కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. ఆ మెట్ల మీద నన్ను రాసుకుంటూ ఎక్కేవాళ్లని మీరెవరని ఏనాడూ అడగలేదు. కొండ దిగాకే వస్తుంది తంటా.

ఈ ఊరి పటమటలోనే గోరాగారుండేవారు. దేవుడు లేడన్న మనిషి. తన కూతురు మనోరమను, అంటరానివారన్న కులంలో పుట్టిన అర్జునరావుగారికిచ్చి పెళ్లి చేశారు. దేవుడున్నాడని రోజూ మోకరిల్లే నాకు, ఒక్క ప్రశ్న మింగడం చేతకాలేదు.

ఆవిడ ఆదివారం మళ్లీ వస్తుంది. కులం సంగతి కనుక్కోవద్దని కబురు పెడదామని మూడు రోజులుగా అనుకుంటున్నాను. ఇంకా పెట్టలేదు.