అరికాలిని చూసే ప్రేమ

చదువవలసిన భాగాలు: యోహాను 13:1–17, 2 కొరింథీయులకు 1:3–7

ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన రాత్రిని యోహాను తొందరపడకుండా చెబుతాడు. భోజనం దగ్గర లేవడం, పైవస్త్రం తీసి పక్కన పెట్టడం, నడుముకు తువాలు చుట్టుకోవడం, పళ్లెంలో నీళ్లు పోయడం, కడగడం, ఆ తువాలుతోనే తుడవడం. ఒక్క పనిని కూడా వదలలేదు. అవి మట్టి బాటల్లో నడిచివచ్చిన పాదాలు. వాటిని కడగాలంటే ముందు కింద కూర్చోవాలి, మడమను అరచేతిలోకి తీసుకోవాలి, కాలు పైకెత్తి అడుగుభాగం చూడాలి. మనిషి తన ఒంట్లో తాను అన్నిటికన్నా తక్కువగా చూసుకునే చోటును ప్రభువు ఆ రాత్రి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో బతుకుతున్న నేను ఈ భాగం చదివినప్పుడల్లా ఆ అరికాలి దగ్గరే ఆగిపోతాను. తెల్ల చర్మం ఉన్నవాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా ఎండ తగిలే ఒంటి మీద పుడుతుంది. నలుపు, చామనఛాయ ఉన్న మనవాళ్లలో ఇది అరుదు. వచ్చినప్పుడు మాత్రం చాలాసార్లు అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. నోటిలో, ముక్కులో ఉండే మెత్తటి పొరల్లోనూ రావచ్చు. ఈ చోట్ల వచ్చేదానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. కాబట్టి చేనులో ఎండకు పనిచేసినందుకే వచ్చిందని ఎవరూ తమను తాము నిందించుకోవద్దు. ఏ పాపానికి శిక్షో అని వెతుక్కోవద్దు. ఇది అంటుకునే జబ్బు కూడా కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, ఆ కాలిని పట్టుకున్నా ఎవరికీ రాదు.

మన నల్లగొండ జిల్లాలో నకిరేకల్ చుట్టుపక్కల నిమ్మతోటలు ఉన్నాయి. తోటలో తిరిగే కాలికి ముల్లు దిగడం మనకు వింత కాదు. అందుకే అరికాలిలో నల్లటి మచ్చ కనబడితే ముల్లు విరిగి లోపలే ఉందనుకుంటాం. గట్టిపడితే ఆనెకాయ అంటాం, బ్లేడుతో చెక్కుతాం. నెత్తురు కారితే పసుపు అద్దుతాం, పసరు కడతాం. గోరు నల్లబడితే రాయి తగిలిందంటాం. ఇట్లా అనుకుంటూ ఉండగానే నెలలు గడిచిపోతాయి. మన దగ్గరే కాదు, లోకమంతా ఇదే కథ. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి వేలి గోరు కింద 1977లో బయటపడ్డది ఈ మెలనోమానే. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అని మొదట అనుకున్నారు. 1981లో, 36 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు.

మచ్చ చర్మంలోకి ఎంత లోతు దిగిందో డాక్టర్లు మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరు లోపు ఉండగా దొరికితే, కోసి తీసేయడంతోనే చాలామందికి నయమవుతుంది. లోతు పెరిగేకొద్దీ గజ్జల్లోని గ్రంథులకు, ఆ పైన ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకే ప్రమాదం పెరుగుతుంది. ఒక మచ్చను ఎవరో కొన్ని నెలల ముందు చూడటానికీ, చూడకపోవడానికీ మధ్య ఒక ప్రాణమే ఉండవచ్చు.

మరి అరికాలిని ఎవరు చూస్తారు? మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కాలు మడిచి తన మడమ వెనక చూసుకోలేదు. కళ్లు మసకబారిన తాతకు మచ్చ రంగు మారిన సంగతి తెలియదు. పొద్దంతా కూలికి పోయి వచ్చినవాళ్లు కాళ్ల మీద నీళ్లు కుమ్మరించుకుని ఇంట్లోకి వస్తారు, అంతే. ఇంకొకరు చూడాలి. ఒకరి పాదాలు ఒకరు కడగాలని ప్రభువు చెప్పిన ఆజ్ఞను మనం వినయానికి గుర్తుగా నేర్చుకున్నాం. అది నిజమే. ఈ జబ్బు నాకు ఆ ఆజ్ఞలోని ఇంకో మేలును కూడా చూపించింది. మనిషి తానుగా చూసుకోలేని చోటును కాపాడే బాధ్యతను ప్రభువు పక్కవాడికి అప్పగించాడు.

మన జిల్లాలో ఈ మాటకు పాత వేరు ఒకటుంది. 1890లో నల్లగొండకు వచ్చి సువార్త పరిచర్య మొదలుపెట్టిన అబ్రాహాము ఫ్రీసెన్, మరియ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ విశ్వాసులు. 1860లో ఆ సంఘం విడిగా ఏర్పడినప్పుడు, ప్రభువు మాదిరి ప్రకారం ఒకరి పాదాలు ఒకరు కడగడం తమ విశ్వాసంలో భాగమని రాసి పెట్టుకుంది. ఆ ఆచారం మన సంఘాల్లో ఉన్నా లేకపోయినా, దాని వెనక ఉన్న ప్రేమను ఇంటింటా నిలుపుకోవచ్చు.

ఇప్పుడు పేతురు దగ్గరికి వద్దాం. ప్రభువు తన కాళ్ల దగ్గర కూర్చోవడం అతను భరించలేకపోయాడు, వద్దన్నాడు. జబ్బుపడ్డవాళ్లకు ఆ మాట బాగా తెలుసు. వద్దు బిడ్డా, నేనే కడుక్కుంటా. వద్దులే అన్నా, ఒక్కణ్నే పట్నం పోయొస్తా. పుండు వాసన వస్తుందని కాలు చీర కింద దాచుకునే తల్లులున్నారు. ఇన్నాళ్లు ఇంటిని మోసినవాళ్లు ఇంకొకరి మీద భారం కావడానికి సిగ్గుపడతారు. తాను కడగకపోతే తనతో పాలు ఉండదని ప్రభువు పేతురుకు తేల్చి చెప్పాడు. సహాయం చేయడం ఎంత పరిచర్యో, సహాయాన్ని సిగ్గుపడకుండా తీసుకోవడం కూడా అంతే పరిచర్య. నీ కాలిని చూడనివ్వు. నీ నొప్పిని పేరుపెట్టి చెప్పు. ఆ చేతులను పంపింది ఆయనే.

ఇంకో సంగతి ఉంది, రోగులమైన మనకు అదే అన్నిటికన్నా దగ్గరిది. తన గడియ వచ్చిందని యేసుకు ఆ రాత్రి తెలుసు. తెల్లవారితే సిలువ. ఆదరణ ఎవరికైనా కావాలంటే ఆ గదిలో ముందుగా ఆయనకే కావాలి. అయినా తువాలు కట్టుకున్నది ఆయనే. మరణాన్ని ఎదురుగా పెట్టుకున్నవాడు మిగతావాళ్ల పాదాలు కడిగాడు. కాసేపట్లో తనను అప్పగించబోయే యూదా పాదాలు కూడా కడిగాడు. ఒంట్లో జబ్బు పెట్టుకుని ఇంకొక రోగి మంచం పక్కన కూర్చునే ప్రతివాడూ ఆయన నడిచిన దారిలోనే నడుస్తున్నాడు.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తన ఊరి బాప్టిస్టు సంఘంలో ఆదివారం బైబిలు తరగతి చెప్పేవాడు. తన మెలనోమా మెదడుకు పాకిందని 2015 ఆగస్టు 20న ఆయనే లోకానికి చెప్పాడు. అప్పటికి 90 ఏళ్లు. ఆ వారమే, ఆదివారం నాడు, ఎప్పటిలాగే తరగతిలో నిలబడి పాఠం చెప్పాడు. శస్త్రచికిత్స, రేడియేషన్‌తో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఇచ్చారు. క్యాన్సర్ మీద పోరాడకుండా ఒంటి రక్షణ కణాలను ఆపేసే అడ్డును తొలగించే మందు అది. ఇట్లాంటి అడ్డుల గుట్టు కనిపెట్టినందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. 2015 డిసెంబరులోనే తన స్కానులో క్యాన్సర్ కనబడలేదని కార్టర్ మొదట తన బైబిలు తరగతి వాళ్లకే చెప్పాడు. 2024 డిసెంబరు 29న, 100 ఏళ్లు నిండాక ప్రభువును చేరాడు.

దీన్ని అందరికీ దొరికే వాగ్దానంగా చెప్పడం అన్యాయం. ఆ మందు ఖరీదు మనలో ఎక్కువమందికి అందేది కాదు. అరికాలి మెలనోమా దానికి అంత బాగా లొంగదు కూడా. విశ్వాసం ఎక్కువైతే బతుకుతారు, తక్కువైతే పోతారు అనే మాటను రోగి మంచం దగ్గర ఎవరూ అనకూడదు. కార్టర్‌లో నాకు ఆదరణ ఇచ్చేది ఆయన స్కాను ఫలితం కాదు, ఆ ఆదివారం. రేపు ఏమవుతుందో తెలియని రోజున కూడా ఆయన తనకు అప్పగించిన మనుషుల దగ్గరికి వెళ్లాడు.

కొరింథీయులకు రాస్తూ పౌలు కూడా ఈ దారినే చూపిస్తాడు. కష్టంలో దేవుడు మనలను ఆదరించేది, ఆ ఆదరణతో కష్టంలో ఉన్న ఇతరులను మనం ఆదరించేందుకే అంటాడు. ఆ వెంటనే, ఆసియలో బతుకు మీదే ఆశ వదులుకున్నంత శ్రమ తనకు వచ్చిందని దాచకుండా చెబుతాడు. అదే పత్రిక ఏడో అధ్యాయంలో, కుంగిపోయిన తమను దేవుడు తీతు రాక వల్ల ఆదరించాడంటాడు. పౌలంతటివాడికి ఆదరణ ఒక మనిషి నడిచి రావడం ద్వారా అందింది. తోటి రోగికి మనం కూడా అట్లాంటి రాక కావచ్చు.

ఎట్లా? ముక్క తీసి పరీక్షకు పంపితే జబ్బు పాకుతుందన్న భయం మన ఊళ్లలో ఉంది. అది నిజం కాదని, పరీక్ష చేయించుకుని వచ్చిన రోగి చెబితే వింటారు. విజయవాడ హైవే మీద నూరు కిలోమీటర్లు దాటి హైదరాబాదు పోవాల్సిన తెల్లవారుజామున తోడు వెళ్లవచ్చు. అక్కడి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖాన 1955 నుంచి బీదలకు వైద్యం చేస్తోంది. నొప్పి తగ్గించే విభాగం కూడా అక్కడ ఉంది. మొదటిసారి ఆ వరండాలో అడుగుపెట్టినవాళ్లకు ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు, తెలిసిన మనం చూపించవచ్చు.  ఆరోగ్యశ్రీ పరిమితి ఇప్పుడు 10 లక్షల రూపాయలు. కార్డు, ఆధార్, రిపోర్టులు ఒక సంచిలో సర్దిపెట్టి, ఆరోగ్యమిత్రను కలిసి అడగడంలో సాయపడవచ్చు. గజ్జల్లో గ్రంథులు తీశాక కాలు వాచినవాళ్లకు, పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెట్టుకోమని గుర్తు చేయవచ్చు. స్కానుకు ముందు రాత్రి నిద్రపట్టదు, ఆ రాత్రి ఫోను ఎత్తవచ్చు. ఏం కాదులే అని మాట తుంచేయకుండా, వాళ్ల భయాన్ని చివరిదాకా వినవచ్చు.

తిరిగి లేచిన ప్రభువు శిష్యులకు తన చేతులను, ప్రక్కను చూపించాడు. గాయాల గుర్తులు చూశాక వాళ్లు సంతోషించారని యోహాను రాశాడు. కొత్తగా జబ్బు బయటపడ్డ మనిషికి మన కోత మచ్చ చూపించడం చిన్న పని కాదు. ఇదిగో, ఇక్కడ కోశారు, ఇంకా నడుస్తున్నాను అని చెప్పే ఆ మచ్చ నూరు ఓదార్పు మాటల కన్నా ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఈ సంగతులు తెలిసి చేసేవాళ్లే ధన్యులని పాదాలు కడిగిన రాత్రి ప్రభువు చెప్పాడు. ఆ ధన్యత ఆరోగ్యవంతులకే దాచిపెట్టలేదు.

నేటి ఆచరణ

ఈ సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్ల కాళ్లు గోరువెచ్చటి నీళ్లతో కడగండి. అరికాళ్లు, వేళ్ల సందులు, గోళ్లు దీపం వెలుగులో చూడండి. అంచులు సమంగా లేని మచ్చ, రెండు మూడు రంగులు కలిసిన మచ్చ, పెరుగుతున్న మచ్చ, నెత్తురు కారే పుండు, మానని ఆనెకాయ, గోరులో వెడల్పవుతూ చుట్టుపక్కల చర్మానికి పాకే నల్లగీత, గజ్జల్లో గడ్డ ఉంటే ఇంట్లో కోయకుండా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. ఇప్పటికే చికిత్సలో ఉన్న ఒకరిని ఈ వారం కలవండి. తర్వాతి దవాఖాన తేదీ అడిగి, ఆ రోజు మీరు తోడు వస్తారని చెప్పండి.

ప్రార్థన

పరలోకపు తండ్రీ, నీ కుమారుడు మా పాదాల దగ్గర కూర్చున్నందుకు స్తోత్రం. మాలో మాకు కనబడని చోట్లను చూసే మనుషులను మాకిచ్చావు, వాళ్లను దీవించు. సహాయం అడగడానికి సిగ్గుపడే వాళ్ల నోరు తెరువు. రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్లకు, నొప్పితో రాత్రి గడిపేవాళ్లకు, చికిత్స పనిచేయలేదని విన్నవాళ్లకు ఈ రోజే ఒక మనిషిని పంపు. దవాఖానల్లో పనిచేసే డాక్టర్లకు, నర్సులకు, ఆయాలకు బలమివ్వు. మా ఒంట్లో జబ్బున్నా మా చేతుల్లో సేవ చేసే శక్తి ఇంకా ఉంది, దాన్ని నీ పనికి వాడుకో. బతికినా చనిపోయినా మేము నీవారమే అన్న ధైర్యంతో తోటివాళ్ల దగ్గరికి మమ్మల్ని నడిపించు. యేసు నామంలో వేడుకుంటున్నాం. ఆమేన్.