ఓన్యాబోర్ పాటలకు క్షమాపణ ఎందుకు?

నైజీరియాలోని ఎనుగు నగరంలో విలియం ఓన్యాబోర్ ఇంటి తలుపు తట్టిన విదేశీయులంతా ఒక్క సంగతి తెలుసుకోవడానికే వెళ్లారు: ఆ పాటలు ఎలా పుట్టాయి? ఆయన దేవుడి గురించి ఎంతసేపైనా మాట్లాడేవారు. సంగీతం ఊసెత్తితే మాత్రం జవాబుండేది కాదు. 1977 నుంచి 1985 దాకా సొంత సంస్థ విల్‌ఫిల్మ్స్ పేరు మీద ఎనిమిది ఆల్బమ్‌లు తెచ్చిన మనిషి, ఆఫ్రికా ఫంక్ సంగీతంలో తనకంటూ ఒక దారి వేసుకున్న మనిషి, క్రీస్తును నమ్ముకుని పాట మానేశారు. పిండి మిల్లు నడుపుకున్నారు.

ఆ మౌనం నన్ను ఎంతకీ వదలదు. నేను తెనాలి దగ్గర ఒక సంఘంలో ఆదివారాలు కీబోర్డు వాయిస్తాను. మా నాన్న బాప్తిస్మం పొందకముందు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. తర్వాత ఇంట్లో ఎవరైనా ఆ పద్యాల వరస అందుకుంటే లేచి వీధిలోకి వెళ్లిపోయేవారు. దేవుడి వైపు తిరిగిన మనిషి అంతకుముందు చేసిన మంచి పనిని ఏం చేసుకోవాలి? పాపం ఒప్పుకుంటే క్షమాపణ ఉంది. అందంగా చేసిన పనికి క్షమాపణ ఎందుకు?

ముందు ఆ పాటలు వినాలి. సింథసైజర్, డ్రమ్ మెషీన్, వెనక వంత పాడే ఆడగొంతులు. ‘గుడ్ నేమ్’ పది నిమిషాల పాట. కింద బేస్ వరస తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది, పైన సింథసైజర్ ఎక్కడెక్కడికో పోయి దాన్ని మళ్లీ కలుసుకుంటుంది. కీబోర్డు ముందు కూర్చునేదాన్ని కాబట్టి చెబుతున్నాను, అంతసేపు ఒకే వరసను విసుగు పుట్టకుండా నిలబెట్టడం వేగంగా వాయించడంకన్నా చాలా కష్టం. తొందర లేని మనిషే ఆ పని చెయ్యగలడు.

ఇక ఆ పాటల్లో ఏముందో చూడండి. 1967లో బయాఫ్రా తనను వేరే దేశంగా ప్రకటించుకున్నప్పుడు దాని మొదటి రాజధాని ఎనుగే. 1970 దాకా సాగిన ఆ యుద్ధంలో ఆకలికి చచ్చిన పిల్లల్ని లోకమంతా ఫొటోల్లో చూసింది. ఆ ఊరి మనిషి యుద్ధం ఎందుకని అడుగుతూ పాట కట్టారు. ‘బెటర్ చేంజ్ యువర్ మైండ్’లో, ఈ భూమి తమ సొత్తనుకునే పెద్ద దేశాలను పేరుపెట్టి మరీ మందలించారు. ప్రేయసి కోసం అణుబాంబులా పేలిపోయే ప్రియుడూ ఆయన పాటల్లో ఉన్నాడు, కాదనను. కానీ 1983 నాటి ‘గుడ్ నేమ్’ తలపు సొలొమోను సామెతల 22వ అధ్యాయంలోది: గొప్ప ఐశ్వర్యంకన్నా మంచి పేరు మేలని. 1985లో వచ్చిన చివరి ఆల్బమ్ పేరు ‘ఎనీథింగ్ యూ సో’. విత్తిందే కోస్తామన్నది గలతీయులకు పౌలు రాసిన లేఖలో, ఆరో అధ్యాయంలో ఉంది. పాట మానేయడానికి ముందే బైబిలు ఆ స్టూడియోలోకి నడిచి వచ్చింది.

అందుకే, క్రీస్తులో ఉన్నవాడు నూతన సృష్టి అన్న వాక్యాన్ని పట్టుకుని మనిషి బతుకును రెండు ముక్కలుగా నరికే ప్రసంగాలు నాకు మింగుడుపడవు. మునుపటి చేతులను ఇచ్చింది ఇంకెవరు? మన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడయ్యాక, తాను నేర్చిన కవిత్వాన్నీ రాగాలనూ గుడి బయట వదిలి రాలేదు. వాటితోనే కీర్తనలు కట్టారు, మేం ఇవాళ్టికీ పాడుతున్నాం. అదే నైజీరియాలో గాయకుడు ఫేలా కూటి తాత కీర్తనలు పాడిన క్రైస్తవ బోధకుడు. మనవడు ఆ విశ్వాసానికి దూరంగా జరిగి, తన పేరులోని రాన్సమ్‌ను కూడా తీసేశాడు. అతని పాటా ఆగలేదు.

మరి ఓన్యాబోర్ ఆ పాటల వైపు మళ్లీ ఎందుకు తిరగలేదు? పొగడ్త వల్లనే అని నా నమ్మకం. 2013లో అమెరికాలోని లువాకా బాప్ సంస్థ ఆయన పాటలను ఏర్చికూర్చి మళ్లీ విడుదల చేసింది. మరుసటి ఏడాది డేవిడ్ బర్న్, డేమన్ అల్బార్న్ లాంటి పేరున్న కళాకారులు పెద్ద పెద్ద వేదికలెక్కి వాటిని పాడారు. దాదాపు ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన కీర్తి అది. మహిమ అంతా దేవుడిదేనని నమ్మి బతుకుతున్న డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి ముందు ఆ దండలన్నీ తెచ్చి పెట్టారు. ఆయన చెయ్యి చాచలేదు. ఆరాధన అయ్యాక ఎవరైనా వచ్చి పాటను వదిలి నా వాయిద్యాన్ని మెచ్చుకుంటే లోపల ఏదో ఉబ్బుతుంది. దానికి నేనెంత భయపడతానో నాకు తెలుసు. ఆయనకు ఎదురైంది దానికి ఎన్నో రెట్లు.

2014 చివర్లో బీబీసీ రేడియోతో మాట్లాడినప్పుడు, లోకానికి మేలు చేసే సంగీతమే తాను చేస్తానని అన్నారు. ఆ పాటలు నావి కావనలేదు, వాటికి సిగ్గుపడుతున్నానూ అనలేదు. నా దృష్టిలో అది చాలా పెద్ద మాట. నాన్నది అలాంటి మౌనం కాదు. సంఘంలో ఎవరేమంటారోనన్న భయం అందులో ఉంది. ఆ భయాన్ని ఆయన మీద మోపింది దేవుడు కాదు, మనుషులు.

ఓన్యాబోర్ 2017 జనవరి 16న ఎనుగులోని తన ఇంట్లోనే, డెబ్బై ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పక్కన పెట్టిన పాటలను మనం వినడం తప్పా అని అడిగేవాళ్లున్నారు. తప్పు కాదు. కాకపోతే ఆయన వద్దనుకున్న పొగడ్తను కూడా ఆయనకు అంటగట్టకూడదు. కీబోర్డు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేను ‘గుడ్ నేమ్’ బేస్ వరస నేర్పుతున్నాను, పాస్టరుగారికి చెప్పే నేర్పుతున్నాను. ఆదివారం ఆరాధనలో మాత్రం వద్దమ్మా అన్నారాయన. నేనూ సరేనన్నాను.