ఏడవని కొడుకు

"వీడు రాయి. కన్నతల్లి చచ్చినా కంట్లో చుక్క రాలేదు." మా అమ్మను మట్టి చేసొచ్చిన సాయంత్రం మా పెద్దమ్మ అన్న మాట ఇది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. చెల్లి మూడేళ్ళది, పెద్దమ్మ ఒళ్ళో నిద్రపోతా ఉంది.

పెద్దమ్మ చూడని సంగతి ఒకటుంది. ఆ మధ్యాహ్నం కామందు మా పల్లె మొదట్లో వేపచెట్టు దాకా వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాడు గదా! నాయన్ని పిలిపించాడు. వెనకాలే నేనూ పోయాను. "ఊడుపులకని అది తీసుకున్న డబ్బుంది. దాని బదులు ఎవరొస్తార్రా?" అన్నాడు. నాయన నేల చూస్తా నిలబడ్డాడు. నాకు గొంతు దాకా ఏడుపొచ్చింది. ఈయన ముందు ఏడవగూడదనుకున్నాను. మింగేశాను. మళ్ళీ అది పైకి రాలేదు. తెల్లారి నాయన ఆయన పొలంలోకే నారు పీకటానికి పోయాడు. అమ్మ బదులు పెద్దమ్మ పోయింది.

హాస్టల్లో నన్ను మూగోడన్నారు. డిగ్రీ చదివేటప్పుడు ముల్క్‌రాజ్ ఆనంద్ నవల 'అన్‌టచబుల్' దొరికింది. 1935లో వచ్చిన పుస్తకం. పాకీ పనివాళ్ళ జమేదారు కొడుకు, పద్దెనిమిదేళ్ళ బాఖా ఒక్కరోజు బతుకు. ఆ నవలంటే అందరూ బజార్లో బాఖా తిన్న చెంపదెబ్బ గురించే మాట్లాడతారు. నన్ను పట్టి ఆపింది అంతకు ముందు, తొలి పేజీల్లో. చలికి ముడుచుకుని పడుకున్న బాఖా చచ్చిపోయిన తల్లిని తలుచుకుంటాడు. పొద్దున్నే ఇత్తడి గ్లాసులో వేడివేడి టీ ఇచ్చేది. ఎప్పుడూ పెట్టే చెయ్యే. అయినా ఆమె లేదన్న దుఃఖం వాడికి రాదు. తన ఇంగ్లీషు బట్టలూ సిగరెట్లూ ఉన్న లోకంలోకి ఆ దుఃఖాన్ని పిలుచుకోలేకపోతాడు. అంతలోనే తండ్రి తిట్లు. లేవాలి, దొడ్లు కడగాలి.

దుఃఖం అందరికీ ఒకటేనంటారు పెద్దలు. నేనొప్పుకోను. చావు ఒకటే కావచ్చు. ఏడ్చే తీరిక ఒకటి కాదు. చావు మైల పట్టి పదిరోజులు ఇంట్లో కూచునే కులాలున్నాయి. ఏడాది పొడుగునా మైల మనుషులని పేరుపెట్టిన మాకు మాత్రం చావు మైలకు ఒక్కరోజు సెలవు లేదు.

అందుకే బాఖా లొంగుబాటు మనిషన్న విమర్శను సగమే ఒప్పుకుంటాను. ఆనంద్ దళితుడు కాడు. బాఖా కోపాన్ని లేవకముందే చల్లార్చాడని మనవాళ్ళు అనటంలో న్యాయముంది. కానీ ఆ మూసిన నోటిని ఆయన అబద్ధంగా రాయలేదు. కాపాడే మనిషి పోయినవాడు తనకు తానే తలుపేసుకుంటాడు. అది లొంగిపోవటం కాదు, కావలి కాసుకోవటం.

అసలు ప్రశ్న తర్వాతది. ఆ తలుపు ఎవరి మొహాన వేశాం?

గుడి పూజారి తన చెల్లెలు సోహిని మీద చెయ్యేశాడని తెలిసి బాఖా రగిలిపోతాడు. అయినా ఆమెను ఇంటికి పంపించేసి ఒక్కడే రొట్టెల కోసం ఊళ్ళోకి పోతాడు. తల్లిలేని ఆ పిల్ల ఏం తలుచుకుంటా ఇంటికి నడిచిందో!

నా చెల్లి పదేళ్ళప్పుడు అడిగింది: "అన్నా, అమ్మ ఎట్టా ఉండేది?" "పడుకో" అన్నాను. పద్నాలుగో ఏట మళ్ళీ అడిగింది. "చదూకోపో" అన్నాను. మూడోసారి అడగలేదు. మా ఇంట్లో అమ్మ ఫొటో లేదు. అమ్మ మిగిలిందల్లా నా తలకాయలోనే. కామందుకు నా ఏడుపు దక్కకూడదనుకుని, చెల్లికి అమ్మనే దక్కకుండా చేశాను. మీటింగుల్లో ఆత్మగౌరవం గురించి గంటసేపు మాట్లాడేవాణ్ణి. ఇంట్లో ఈ మూసుకోవటాన్ని కూడా ఆత్మగౌరవమనే అనుకున్నాను.

బాఖా నాకంటే నయం. తోలు పనివాళ్ళ ఛోటా, చాకలోళ్ళ రాంచరణ్ గుచ్చిగుచ్చి అడిగేసరికి, పొద్దుటి నుంచి దాచుకున్న అవమానం వాళ్ళ ముందు కక్కేస్తాడు. అట్టాంటి దెబ్బలెరిగిన వాళ్ళ ముందు! కొట్టినవాడి ముందు నోరు మూసుకోవటం మన హక్కు. కానీ మనతోపాటు పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర కూడా మూసుకుంటే, వాళ్ళ వాటాను మనం దాచుకున్నట్టే.

పోయిన క్రిస్మస్‌కు చెల్లి ఇంటికి పోయాను. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు. అన్నాలు తిన్నాక చెప్పాను, అమ్మకు గడ్డం మీద పచ్చబొట్టు చుక్క ఉండేదని. అది పనాపి, తన గడ్డం మీద వేలు పెట్టుకుని, "ఇక్కడేనా అన్నా?" అంది.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.