ఉద్యోగధర్మము – భరతుడు చూపిన లెక్క

ప్రజల సొమ్ము జీతముగా పుచ్చుకొను ఉద్యోగి శ్రద్ధతో పనిచేయుటకు కారణమేమి? జీతమా? భయమా? పుట్టి పెరిగిన సంస్కారమా? 1990లో పెర్రీ, వైజ్ అను అమెరికా విద్వాంసులు ప్రజాసేవకు ప్రేరణములు మూడని ప్రతిపాదించిరి. అవి ప్రయోజన విచారము, కర్తవ్యబుద్ధి, హృదయమందలి ఆర్ద్రత. పిదప 12 దేశముల ఉద్యోగులను పరిశీలించిన పండితులు, ఈ ప్రేరణముల అర్థము అన్ని దేశములందు ఒక్కటి కాదని 2013లో వెల్లడించిరి. వాన ఒకటే యైనను నేలను బట్టి నీటి రుచి మారును గదా!

అయినచో మంచి సంస్కృతి యున్నచోట మంచి ఉద్యోగి తనంతట తానే లభించునా? చైనాదేశమున పితృభక్తియే రాజసేవకు మూలమని బోధించిరి. అయినను మింగ్, చింగ్ వంశముల కాలమున అధికారిని అతని స్వరాష్ట్రమున నియమింపరాదని కట్టడి చేసిరి. భక్తిని నేర్పిన బంధుత్వమే పక్షపాతమును కూడ నేర్పునని వారెరుగుదురు. జపానులో పూర్వము ఉద్యోగి చక్రవర్తి సేవకుడు. 1947లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము, అతడు సమస్త ప్రజలకు సేవకుడే గాని ఏ యొక్క వర్గమునకు కాడని శాసించినది. సంస్కృతి ఏరు వంటిది. గట్టు లేని ఏరు పొలమును తడుపుటకు మారుగా ముంచును.

మన మాట చూతము. కొన్ని యేండ్ల క్రిందట పింఛను కాగితమునకై నేనొక కార్యాలయమునకు పోతిని. అచటి గుమాస్తా దేవుని పటమునకు పూలు పెట్టి, అగరువత్తి వెలిగించి, కన్నులు మూసికొని ప్రార్థించెను. ఆ కన్నుల నీరు నేను చూచితిని. అది కపటము కాదు. వాకిట ఒక వృద్ధురాలు అర్జీ పట్టుకొని నిలిచియుండెను. పూజ ముగించి అతడు, "రేపు రా అమ్మా" అనెను. నాకు మాత్రము, "దయచేయండి శాస్త్రిగారూ" అని కుర్చీ వేసి, ఆనాడే పని పూర్తిచేసెను. నేను సంతోషముతో ఇంటికి వచ్చితిని. ఆ సంతోషమే నేటికిని నన్ను బాధించుచున్నది. తప్పు అతనిదే కాదు. ఆ మర్యాదను అందుకొన్న నాదియు.

భరతుని తలచుకొందము. పదునాలుగేండ్లు నందిగ్రామమున పాదుకలను సింహాసనముపై నిలిపి, రాజ్యమును తనది కాని సొత్తుగా కాపాడెను. అన్న తిరిగి వచ్చిన దినమున ఆనందబాష్పములతో ఊరకుండలేదు. కోశమును, ధాన్యాగారమును, సేనను పరిశీలింపుమని కోరి, అన్నియు పదింతలైనవని విన్నవించెను. అడుగకయే లెక్క చూపెను! పాదుకలను పూజించిన చేతులే లెక్కను అప్పగించినవి. భక్తియున్నచోట లెక్క యెందులకని అతడు తలపలేదు.

కావున పాఠకమహాశయులారా, మన సంస్కృతి గొప్పదని చెప్పుకొనుట చాలదు. బల్లకు ఈవల నున్నవాడు భక్తుడు కావచ్చును. ఆవల నిలిచినది దిక్కులేని ముసలి కావచ్చును. ఆమె కాగితము ఆనాడే కదలినచో అది ఆరాధనము. మనవంతు వచ్చువరకు మనము వేచియుండుటయు ఆరాధనమే. అట్టి బుద్ధిని సర్వేశ్వరుడు మనకందరకు ప్రసాదించుగాక!